సాక్సులు, కాలి వేళ్ళ సందులు: పాదాలను పొడిగా, ఆరోగ్యంగా ఉంచుకోవడం ఎలా?

పాదాల నుంచి వాసన వస్తోందంటే చాలామంది లోలోపల సిగ్గుపడి, బూట్లలో కాస్త సెంటు కొట్టి ఊరుకుంటారు. నలుగురిలో బూట్లు విప్పాల్సి వస్తే టెన్షన్ పడతారు. నిజానికి రోజూ స్నానం చేసి, ఉతికిన సాక్సులే వేసుకునేవాళ్ళకి కూడా ఈ బాధ ఉంటుంది. మురికి కంటే తడే ఇక్కడ పెద్ద సమస్య. వాసన, దురద, వేళ్ళ మధ్య ఒరిసిపోవడం, బొబ్బలు, గోళ్ళు పచ్చబడి దళసరి కావడం, వీటిలో చాలావాటికి మూలం పాదం చుట్టూ గంటల తరబడి నిలిచిపోయిన చెమట. అందుకే కింద చెప్పే పనుల్లో ఏది మర్చిపోయినా, పాదాన్ని పొడిగా ఉంచడం అన్న సంగతి మాత్రం మర్చిపోకండి.

శరీరంలో చెమట గ్రంథులు బాగా దట్టంగా ఉండే చోట్లలో అరికాలు ఒకటి. రెండు పాదాల్లో కలిపి సుమారు 2,50,000 గ్రంథులు ఉంటాయని అంచనా. అరచేతులకీ ఇలాగే చెమట పడుతుంది గానీ గాలి తగిలి ఆరిపోతుంది. పాదానికి ఆ వీలు లేదు, సాక్సులో, బూటులో బందీగా ఉంటుంది. చెమటకి దానంతటదానికి పెద్దగా వాసన ఉండదు. చర్మం మీద ఎప్పుడూ ఉండే బాక్టీరియా చెమటలోని ల్యూసిన్ అనే అమైనో ఆమ్లాన్ని ఐసోవలెరిక్ ఆమ్లంగా మారుస్తుంది. ముక్కుకి తగిలే ఆ పుల్లటి ఘాటు చాలావరకు దానిదే. బాక్టీరియా పెరగడానికి తడి, వెచ్చదనం, నాని మెత్తబడిన చర్మం కావాలి. ఫంగస్‌కి కావలసినవీ అవే.

తడి పాదాన్ని ఎంత పాడుచేయగలదో మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యాలు చూశాయి. 1914-15 చలికాలంలో నీళ్ళు నిండిన కందకాల్లో రోజుల తరబడి నిలబడ్డ వేలమంది సైనికుల పాదాలు మొద్దుబారి, వాచి, కుళ్ళే స్థితికి వచ్చాయి. దానికి ట్రెంచ్ ఫుట్ అని పేరు వచ్చింది. దాన్ని అదుపులోకి తెచ్చిన పద్ధతుల్లో ముఖ్యమైనవి చాలా మామూలువి: పాదాలు తుడుచుకోవడం, పొడి సాక్సులు మార్చుకోవడం, పక్కవాడి పాదాలు రోజూ పరీక్షించడం. మన రోజువారీ ఇబ్బంది అంత పెద్దది కాకపోయినా చేయాల్సిన పని మాత్రం దాదాపు అదే.

1. ముందు పాదాలను సరిగ్గా చూడండి

మంచి వెలుతురులో కూర్చుని ఒక కాలు మరో మోకాలి మీద పెట్టుకోండి. వేళ్ళను ఒక్కొక్కటిగా విడదీసి సందుల్లోకి చూడండి. అన్నిటికంటే ముందు చిటికెన వేలికీ దాని పక్క వేలికీ మధ్య ఉన్న సందు చూడండి. అది అన్నిటికంటే ఇరుకు, గాలి ఆడదు, తుడిచేటప్పుడు అందరూ వదిలేసేది కూడా అదే. అక్కడ చర్మం తెల్లగా నానినట్టు ఉండి, పొరలుగా ఊడుతూ, మధ్యలో చిన్న చీలిక కనిపిస్తే ఫంగస్ మొదలై ఉండవచ్చు.

తర్వాత అరికాలు. మడమ మీద, వేళ్ళ మొదట్లో ఉన్న మెత్తటి భాగం మీద గుండుసూదితో పొడిచినట్టు చిన్న చిన్న గుంటలు ఉండి, వాసన మరీ ఘాటుగా ఉంటే అది బాక్టీరియా పని. దీన్ని పిటెడ్ కెరటోలైసిస్ అంటారు. దీనికి డాక్టర్లు మామూలుగా పూసే యాంటీబయోటిక్ ఇస్తారు, త్వరగానే తగ్గుతుంది. ఏళ్ళ తరబడి సిగ్గుతో దాచుకునే అవసరమే లేదు.

అరికాలంతా, పాదం అంచుల వెంబడి పొడిగా, పిండి రాలినట్టు పొట్టు లేస్తుంటే చాలామంది 'పొడి చర్మం' అనుకుని నూనె రాస్తుంటారు. రాసినా తగ్గకపోతే, పైగా ఒక పాదానికే ఎక్కువగా ఉంటే, అది కూడా ఫంగస్ కావచ్చని గుర్తుంచుకోండి. దురద లేకుండా కూడా ఫంగస్ ఉంటుంది.

ఇక పిక్క దగ్గర సాక్సు గుర్తు చూడండి. సన్నటి గీతలాంటి అచ్చు పడి కొద్దిసేపట్లో పోతే ఫరవాలేదు. లోతుగా గాడి పడి, దాని కింద పాదం ఉబ్బినట్టు ఉంటే సాక్సు బిగుతుగా ఉన్నట్టు, లేదా కాళ్ళకి నీరు చేరుతున్నట్టు. వదులు సాక్సు వేసినా రోజూ అలాగే ఉంటే డాక్టర్‌కి చూపించండి.

2. కడగడం కంటే తుడవడం మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి

స్నానం చేసేటప్పుడు ఒంటి మీద నుంచి కారిన సబ్బు నీళ్ళతో పాదాలు శుభ్రమైపోవు. చేత్తో సబ్బు రాసి, ప్రతి వేలి సందులోనూ వేలు పెట్టి రుద్ది, సబ్బు జారుడు పోయేదాకా నీళ్ళతో కడగాలి. మామూలు సబ్బు చాలు. గోరువెచ్చని నీళ్ళు చాలు. గంటల తరబడి నానబెట్టడం మంచిది కాదు. నానిన చర్మం మెత్తబడి తేలిగ్గా చీలుతుంది.

తుడవడం దగ్గరే చాలామంది తొందరపడతారు. తువ్వాలును పాదం మీద నుంచి ఒకసారి లాగేస్తే పైన ఆరుతుంది, సందుల్లో తడి అలాగే ఉంటుంది. తువ్వాలు కొసను సన్నగా మడిచి ఒక్కో సందులోకి దూర్చి అద్దండి. గట్టిగా రుద్దవద్దు, అద్దితే చాలు. ఆ తర్వాత ఐదు, పది నిమిషాలు పాదాలను అలా గాలికి వదిలేసి అప్పుడు సాక్సులు వేసుకోండి. పొద్దున్న హడావిడిలో ఆ టైమ్ ఎక్కడ దొరుకుతుందని అడగొచ్చు. స్నానం అయిన వెంటనే సాక్సులు వేసుకోకుండా, బట్టలు కట్టుకుని టిఫిన్ చేసి, గడప దాటే ముందు వేసుకుంటే సరిపోతుంది. కొత్తగా టైమ్ ఏమీ అక్కర్లేదు, వరస మారితే చాలు.

పాదాలకి ఫంగస్ ఉన్నంతకాలం వాటికి వేరే తువ్వాలు వాడండి. అదే తువ్వాలుతో గజ్జలు, చంకలు తుడిస్తే ఫంగస్ అక్కడికీ చేరుతుంది.

పౌడర్ గురించి ఒక మాట. పొడి చర్మం మీద పలచగా చల్లితే చెమట కొంత పీలుస్తుంది. తడి సందుల్లో దండిగా పోస్తే ముద్దగా గడ్డకట్టి అక్కడే తడిని నిలబెడుతుంది. చెమట మరీ ఎక్కువగా పట్టేవాళ్ళకి పౌడర్ కంటే అల్యూమినియం క్లోరైడ్ ఉన్న చెమట నిరోధకం బాగా పనిచేస్తుంది. దాన్ని రాత్రి పడుకునే ముందు పూర్తిగా పొడిగా ఉన్న అరికాళ్ళకి రాసి పొద్దున్న కడిగేయాలి. చీలికలు, పుండ్లు ఉన్నచోట రాస్తే మండుతుంది, రాయవద్దు.

3. సాక్సు ఎంచుకోవడం

'స్వచ్ఛమైన కాటన్ అయితే మంచిది' అన్న మాట ఎప్పటినుంచో వింటున్నాం. అందులో సగమే నిజం ఉంది. కాటన్ చెమటను బాగా పీలుస్తుంది, కానీ పీల్చిన దాన్ని త్వరగా వదలదు. రెండు, మూడు గంటలు కూర్చుని పనిచేసేవాళ్ళకి, చెమట తక్కువ పట్టేవాళ్ళకి అది చాలు. రోజంతా నిలబడేవాళ్ళకి, ఎక్కువ నడిచేవాళ్ళకి, పరుగెత్తేవాళ్ళకి తడిసిన కాటన్ సాక్సు అరికాలిని అంటిపెట్టుకుని ఉంటుంది. ఆ తడికి రాపిడి తోడైతే బొబ్బ లేస్తుంది.

పాలిస్టర్, నైలాన్ లాంటి నూలు నీటిని పెద్దగా పీల్చుకోదు గానీ, నేత మంచిదైతే తడిని చర్మం మీద నుంచి బయటి వైపుకి లాగి త్వరగా ఆరబెడుతుంది. కాకపోతే పాలిస్టర్ వాసనని పట్టి ఉంచుతుంది, ఉతికినా ఒక్కోసారి పోదు. మెరినో అనే జాతి గొర్రెల సన్నటి ఉన్ని తన బరువులో దాదాపు 30 శాతం దాకా తేమను పీల్చుకుని కూడా తడిగా అనిపించదు, వాసన కూడా తక్కువ. ఉన్ని అనగానే ఉక్కపోత గుర్తొస్తుంది గానీ పలచటి ఉన్ని సాక్సులు వేడిలో కూడా బాగానే ఉంటాయి. ధర మాత్రం ఎక్కువ, ఉతకడంలో జాగ్రత్త కావాలి. రోజువారీ వాడకానికి నా ఓటు మిశ్రమానికే: కాటన్ లేదా ఉన్ని ఎక్కువ పాలు, దానికి కొంత నైలాన్ లేదా పాలిస్టర్, సాగడానికి కొద్దిగా ఎలాస్టేన్. ప్యాకెట్ మీద శాతాలు రాసి ఉంటాయి, చదివి కొనండి.

నూలు ఎంత ముఖ్యమో కొలత కూడా అంత ముఖ్యం. పెద్ద సాక్సు బూటులో ముడతలు పడి అక్కడే ఒరుస్తుంది. చిన్న సాక్సు వేళ్ళను ఒకదానికొకటి అదిమేసి సందుల్లో గాలి ఆడనివ్వదు. మడమ దగ్గర అల్లిన గుంట సరిగ్గా మీ మడమ మీదే కూర్చోవాలి. వేళ్ళ దగ్గర కుట్టు లావుగా గట్టిగా ఉంటే ఆ సాక్సు వద్దు. కొనే ముందు లోపల చేయి పెట్టి తడిమి చూడండి. వేళ్ళ సందులు మాటిమాటికీ ఒరిసిపోయేవాళ్ళు ఒక్కో వేలికి విడివిడిగా తొడుగు ఉండే సాక్సులు వేసి చూడవచ్చు. వేసుకోవడం కొంచెం చాదస్తంగా ఉంటుంది గానీ చర్మానికి చర్మం తగలకుండా అడ్డు ఉంటుంది.

4. ఎప్పుడు మార్చాలి?

రోజుకి ఒక జత అన్నది కనీసం. నిన్నటి సాక్సు పైకి పొడిగా కనిపించినా అందులో నిన్నటి చర్మపు పొట్టు, ఎండిన చెమట, బాక్టీరియా ఉంటాయి. మళ్ళీ చెమట తగలగానే అవి పని మొదలుపెడతాయి. 'కొద్దిసేపే వేసుకున్నాను' అన్నది కూడా లెక్కలోకి రాదు, ఎంత చెమట పట్టిందన్నదే లెక్క.

చెమట ఎక్కువ పట్టేవాళ్ళు సంచిలో ఒక జత అదనంగా పెట్టుకుని మధ్యాహ్నం మార్చుకోండి. ఇది చాలా చిన్న పని, ఫలితం మాత్రం అదే వారం తెలుస్తుంది. విప్పాక పాదాలను పొడి గుడ్డతోనో టిష్యూతోనో తుడిచి, రెండు నిమిషాలు గాలి తగలనిచ్చి కొత్త జత వేసుకోవాలి. విప్పినవి కవర్లో వేసుకున్నా ఇంటికి రాగానే బయటికి తీసేయండి. రెండు రోజులు కవర్లోనే ఉంటే వాసన నూలులోకి దిగిపోతుంది. వానలో తడిసినా, వ్యాయామం చేసినా వెంటనే మార్చడమే.

పడుకునేటప్పుడు పగటి సాక్సులు వద్దు. చలికి వేసుకోవాలనిపిస్తే ఉతికిన వదులు జత వేసుకోండి. ఇంట్లో ఉన్న కాసేపైనా పాదాలకి గాలి తగలనివ్వండి.

5. బూట్లు ఆరనివ్వండి

సాక్సు ఎంత శుభ్రంగా ఉన్నా తడి బూటులో పెడితే లాభం లేదు. రోజంతా వేసుకున్న బూటు లోపల పూర్తిగా ఆరడానికి కనీసం 24 గంటలు పడుతుంది, వానలో తడిస్తే ఇంకా ఎక్కువ. అందుకే వీలైతే రెండు జతలు పెట్టుకుని రోజు విడిచి రోజు వాడండి. ఒక ఖరీదైన జత కంటే రెండు మామూలు జతలు పాదాలకి మేలు.

విప్పగానే తలుపులున్న అరలో పెట్టేయకండి. లేసులు వదులు చేసి, నాలుక బయటికి లాగి, లోపలి మెత్త ఊడి వచ్చేదైతే తీసి విడిగా ఆరబెట్టండి. తడిసిన బూట్లలో పాత న్యూస్‌పేపర్ ఉండలు చుట్టి కుక్కండి, అవి తడవగానే మార్చండి. హీటర్‌కి ఆనించి పెడితే అతుకు ఊడుతుంది, తోలు పగులుతుంది. ఫ్యాన్ గాలి చాలు. లోపలి మెత్త నల్లబడి, ఎంత ఆరినా వాసన వస్తుంటే దాన్ని మార్చేయండి.

కొత్త బూట్లు సాయంత్రం పూట, మీరు రోజూ వేసుకునే మందం సాక్సులతోనే వేసి చూసి కొనండి. సాయంత్రానికి పాదాలు కొద్దిగా ఉబ్బుతాయి. నిలబడినప్పుడు అన్నిటికంటే పొడుగు వేలికీ బూటు కొసకీ మధ్య ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలి. వేళ్ళ దగ్గర ఇరుకైన బూటు ఆనెకాయలకి, గోరు మాంసంలోకి దిగడానికి దారి తీస్తుంది.

6. సాక్సులు ఉతికే పద్ధతి

నా ఉద్దేశంలో అన్నిటికంటే నిర్లక్ష్యం జరిగేది ఇక్కడే. విప్పిన సాక్సుని ఉండలా చుట్టి మాసిన బట్టల బుట్టలో పడేస్తాం. లోపలి తడి లోపలే మగ్గుతుంది. వెంటనే ఉతకకపోయినా విప్పిన వెంటనే ఉండ విప్పి, విడిగా ఎక్కడైనా ఆరేయండి. ఆరాక బుట్టలో వేయవచ్చు.

ఉతికే ముందు ప్రతి సాక్సునీ తిరగేయండి. చెమట, పొట్టు, ఫంగస్ అన్నీ ఉండేది లోపలి వైపు. పైవైపు ఎంత రుద్దినా అవి పోవు. డిటర్జెంట్ కలిపిన నీళ్ళలో అరగంట నానబెట్టి, చేత్తో అయితే మడమ, వేళ్ళ భాగం ప్రత్యేకంగా రుద్ది ఉతకండి. తర్వాత నురగ పూర్తిగా పోయేదాకా జాడించడం ముఖ్యం. మిగిలిపోయిన సబ్బు చెమటతో కలిసి చర్మాన్ని మండిస్తుంది, ఆ దురదని చూసి ఫంగస్ అనుకునేవాళ్ళూ ఉన్నారు. బట్టలు మెత్తబడటానికి వాడే కండిషనర్ సాక్సులకి వద్దు. అది నూలు మీద పూతలా పేరుకుని చెమట పీల్చకుండా చేస్తుంది. రోజూ క్లోరిన్ బ్లీచ్ వాడితే ఎలాస్టిక్ పాడవుతుంది.

ఇంట్లో ఎవరికైనా పాదాల ఫంగస్ ఉంటే మరో జాగ్రత్త కావాలి. చన్నీళ్ళతో, గోరువెచ్చని నీళ్ళతో ఉతికితే ఫంగస్ బీజాలు పూర్తిగా చావవు, పైగా అదే నీళ్ళలో ఉన్న మిగతా బట్టలకి అంటుకోవచ్చు. 60 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉతికితే నమ్మకంగా పోతాయి. మెషిన్‌లో ఆ సెట్టింగ్ ఉంటే ఆ సాక్సులు, పాదాలు తుడిచే తువ్వాలు కలిపి విడిగా వేయండి. చేత్తో ఉతికేవాళ్ళు బాగా వేడి నీళ్ళలో నానబెట్టి, చల్లారాక ఉతకండి. ఉన్ని ఆ వేడికి ముడుచుకుపోతుంది కాబట్టి, చికిత్స నడిచే వారాల్లో వేడిని తట్టుకునే కాటన్ సాక్సులే వాడటం మేలు.

ఆరేసేటప్పుడు కూడా తిరగేసిన వైపే బయటికి ఉండనివ్వండి, ఎండ తగిలితే ఇంకా మంచిది. క్లిప్పు వేళ్ళ వైపు పెట్టండి, పైపట్టీ దగ్గర పెడితే ఎలాస్టిక్ సాగిపోతుంది. వానాకాలంలో 'కొంచెం తడిగా ఉంది, కాలి వేడికి ఆరిపోతుందిలే' అని వేసుకోవడం మాత్రం మానుకోవాలి. సగం ఆరిన సాక్సు వేసుకోవడం కంటే, ఆ రోజుకి గాలి ఆడే చెప్పులు వేసుకోవడం నయం. సాక్సులు తగినన్ని ఉంటే ఈ బాధ ఉండదు. రోజూ వేసుకునేవాళ్ళకి ఎనిమిది, పది జతలైనా కావాలి.

పైపట్టీ వదులైనవి, మడమ దగ్గర పలచబడి లోపల పెట్టిన చేతి వేలు బయటికి కనిపించేవి, ఉతికి ఆరేసినా వాసన పోనివి తీసేయండి. పలచబడిన చోటే బొబ్బ లేస్తుంది. ఒకరి సాక్సులు ఒకరు వేసుకోవడం అన్నదమ్ముల మధ్య అయినా వద్దు.

7. ఫంగస్ వచ్చేస్తే

పాదాలకి వచ్చే ఫంగస్‌లో ఎక్కువగా కనిపించేది ట్రైకోఫైటాన్ రుబ్రమ్. ఒంటి మీద తామర రావడానికి కారణమయ్యేది కూడా చాలాసార్లు అదే. తడి నేల మీద ఉత్త కాళ్ళతో నడిచే చోట్ల, ముఖ్యంగా ఈత కొలనుల దగ్గర, అందరూ స్నానం చేసే గదుల్లో, బట్టలు మార్చుకునే చోట్ల ఇది తేలిగ్గా అంటుకుంటుంది. అలాంటి చోట్లకి వెళ్తే రబ్బరు చెప్పులు వేసుకోండి.

వేళ్ళ సందుల్లో మామూలుగా ఉన్నంతవరకు మందుల షాపులో దొరికే పూత మందుతోనే తగ్గుతుంది. 1 శాతం టెర్బినాఫైన్ క్రీమ్ అయితే సాధారణంగా ఒకటి, రెండు వారాలు, క్లోట్రిమజోల్ అయితే సుమారు నాలుగు వారాలు పూయాలి. పాదం కడిగి, బాగా ఆరబెట్టి, మచ్చ మీదే కాకుండా చుట్టూ రెండు సెంటీమీటర్ల మేర మంచి చర్మం మీద కూడా పలచగా పూయండి. చాలామంది నాలుగు రోజులకే దురద తగ్గిందని ఆపేస్తారు. పైకి తగ్గినట్టు కనిపించినా ఫంగస్ చర్మం పొరల్లో ఉంటుంది, మళ్ళీ లేస్తుంది. ప్యాకెట్ మీద, లేదా డాక్టర్ చెప్పినన్ని రోజులు పూర్తిగా వాడాల్సిందే.

ఇక్కడ నేను గట్టిగా చెప్పాలనుకునే విషయం ఒకటుంది. షాపులో ఇచ్చిన ట్యూబు మీద బీటామెథాసోన్, క్లోబెటాసోల్ లాంటి పేర్లు ఉన్నాయేమో చూడండి. అవి స్టెరాయిడ్లు. పూసిన రెండు, మూడు రోజుల్లో ఎరుపు, దురద తగ్గిపోయి 'భలే మందు' అనిపిస్తుంది. కానీ స్టెరాయిడ్ చర్మం రోగనిరోధక శక్తిని అణిచేస్తుంది కాబట్టి లోపల ఫంగస్ హాయిగా పాకుతుంది. ఆపగానే రెట్టింపుగా బయటపడుతుంది, రూపం మారిపోయి డాక్టర్‌కి కూడా గుర్తుపట్టడం కష్టమవుతుంది. డాక్టర్ రాయకుండా అలాంటి మిశ్రమం క్రీములు పాదాలకి వాడవద్దు.

బట్టలు వేసుకునే వరస కూడా మార్చండి. పాదాలకి ఫంగస్ ఉంటే ముందు సాక్సులు వేసుకుని, ఆ తర్వాతే లోదుస్తులు వేసుకోండి. ఉత్త పాదం మీదుగా లోదుస్తు పైకి లాగినప్పుడు ఫంగస్ దానికి అంటుకుని గజ్జల్లోకి చేరుతుంది. పాదాలు గోకిన చేతులు కడుక్కోండి. ఇంట్లో మిగతావాళ్ళ పాదాలు కూడా ఒకసారి చూడండి, ఒకరికి తగ్గుతుంటే ఇంకొకరి నుంచి మళ్ళీ రావచ్చు.

నాలుగు వారాలు సరిగ్గా వాడినా తగ్గకపోతే చర్మ వైద్యుడి దగ్గరికి వెళ్ళండి. కొద్దిగా పొట్టు గీకి మైక్రోస్కోప్ కింద చూస్తే ఫంగస్ అవునో కాదో తేలుతుంది. వెళ్ళేటప్పుడు ఇప్పటిదాకా వాడిన ట్యూబులు వెంట తీసుకెళ్ళండి. పాదం ఎర్రగా, వేడిగా వాచి, నొప్పి పైకి పాకుతూ జ్వరం వస్తే ఎదురుచూడవద్దు, ఆ రోజే వెళ్ళాలి. వేళ్ళ మధ్య చీలిక నుంచి బాక్టీరియా లోపలికి వెళ్ళి సెల్యులైటిస్, అంటే చర్మం లోపలి పొరలకి ఇన్‌ఫెక్షన్, వచ్చినప్పుడు అలా ఉంటుంది.

8. గోళ్ళు, మడమలు, బొబ్బలు

కాలి గోళ్ళు స్నానం తర్వాత మెత్తగా ఉన్నప్పుడు అడ్డంగా, నేరుగా కత్తిరించండి. మూలలు లోతుగా తవ్వితే గోరు మాంసంలోకి పెరుగుతుంది. గోరు పసుపుపచ్చగా, దళసరిగా మారి పొడిలా రాలుతుంటే ఫంగస్ గోటికి పట్టి ఉండవచ్చు. దానికి పూత మందు ఒక్కటే చాలకపోవచ్చు, పరీక్ష చేయించి డాక్టర్ సలహాతో మాత్రలు వాడాలి. కాలి గోరు పూర్తిగా కొత్తది రావడానికి 12 నుంచి 18 నెలలు పడుతుంది, కాబట్టి నెలకే మార్పు లేదని నిరాశపడకండి. ఫంగస్ ఉన్నవాళ్ళ నెయిల్ కట్టర్ వేరుగా ఉంచండి.

మడమలు పగిలితే రాత్రి కడిగి తుడిచి వాజలీన్ గానీ, యూరియా ఉన్న క్రీమ్ గానీ రాసి ఉతికిన కాటన్ సాక్సు వేసుకుని పడుకోండి. క్రీమ్ మడమకీ అరికాలికీ మాత్రమే, వేళ్ళ సందుల్లోకి వద్దు. బ్లేడుతో చెక్కవద్దు.

బొబ్బ చిన్నదైతే పగలగొట్టకండి, పై తోలే దానికి కట్టు. పగిలిపోతే తోలు పీకకుండా కడిగి శుభ్రమైన కట్టు కట్టండి.

9. షుగర్ ఉన్నవాళ్ళకి

షుగర్ చాలాకాలంగా ఉన్నవాళ్ళకి పాదాల్లో స్పర్శ తగ్గుతుంది, రక్తప్రసరణ కూడా తగ్గవచ్చు. సాక్సులో చిన్న ముడత ఒరిసినా తెలియదు, బూటులో రాయి పడినా తెలియదు. నొప్పి లేకపోవడం వల్ల పుండు పెద్దదయ్యేదాకా కంటపడదు. అందుకని వాళ్ళ పాదాలు రోజూ చూసుకోవడం మందు వేసుకోవడం అంత అవసరం.

వాళ్ళ సాక్సులు తెల్లవి, లేదా లేత రంగువి అయితే మంచిది. రక్తమో చీమో అంటుకుంటే వెంటనే కనిపిస్తుంది. కుట్టు లేనివి, పైపట్టీ బిగుతు లేనివి ఎంచుకోవాలి. చిరిగినదాన్ని కుట్టి వాడవద్దు, ఆ కుట్టే ఒరుస్తుంది. బూటు వేసుకునే ముందు ప్రతిసారీ తిరగేసి దులిపి, లోపల చేయి పెట్టి తడమాలి. ఇంట్లో కూడా ఉత్త కాళ్ళతో తిరగవద్దు. పాదాలు కడిగే నీళ్ళ వేడి పాదంతో కాకుండా మోచేతితో చూడాలి. చలికి వేడినీళ్ళ సంచి పాదాల దగ్గర పెట్టుకుంటే కాలినా తెలియదు, దాని బదులు ఉతికిన వదులు సాక్సులు వేసుకోండి. ఆనెకాయలకి అంటించే మందు పట్టీలు చర్మాన్ని తినేస్తాయి, సొంతంగా వాడవద్దు. బిగుతు సాక్సులు, అంటే కంప్రెషన్ సాక్సులు, రక్తప్రసరణ సరిగ్గా ఉందో లేదో డాక్టర్ చూశాకే వేసుకోవాలి. కనీసం ఏడాదికి ఒకసారి డాక్టర్ చేత పాదాల పరీక్ష చేయించుకోండి. సన్నటి నైలాన్ తీగతో అరికాలిని తాకి స్పర్శ ఎంత ఉందో చూస్తారు, కొద్ది నిమిషాల పని.

పెద్దవాళ్ళకి వంగి తమ అరికాలు చూసుకోవడం కుదరదు, చూపు కూడా ఆనదు. నేల మీద అద్దం పెట్టి దాని మీదుగా పాదం ఎత్తి చూసుకోవచ్చు. అదీ కుదరకపోతే ఇంట్లో ఎవరైనా రోజూ ఒక వేళ పెట్టుకుని, రాత్రి సాక్సులు విప్పేటప్పుడు చూడాలి. వేళ్ళ సందులు, మడమ, అరికాలు చూసి, ఒక పాదం రెండోదానికంటే వేడిగా ఉందేమో చేత్తో తాకాలి. విప్పిన సాక్సు లోపల కూడా చూడాలి. కొత్తగా పుండు, నల్లబడిన చోటు, చీము, వాపు ఏది కనిపించినా, 'నొప్పి లేదుగా' అని వాళ్ళు అన్నా సరే, ఆ రోజే డాక్టర్‌కి చూపించండి.